స్లైమ్ తెగిపోతే ముందు ఆఖరి వరుస చదవండి

ఈమాక్స్ ఎడిటర్‌లో స్లైమ్ (ఎడిటర్‌ను లిస్ప్‌తో కలిపే పొడిగింపు) పెట్టుకుని కామన్ లిస్ప్ భాషలో కోడ్ రాసేవాళ్లకు ఈ వాక్యం కంఠతా వచ్చే ఉంటుంది: "లిస్ప్ కనెక్షన్ క్లోజ్డ్ అన్‌ఎక్స్‌పెక్టెడ్లీ: కనెక్షన్ బ్రోకెన్ బై రిమోట్ పీర్." అప్పటిదాకా చక్కగా పనిచేసిన రెపల్ బఫర్ (కోడ్ కొడితే వెంటనే ఫలితం చూపే తెర) ఒక్కసారిగా మూగబోతుంది. చాలామంది వెంటనే ఎం-ఎక్స్ స్లైమ్ అని మళ్లీ కొడతారు. అలా కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ వాక్యంలో లిస్ప్ ఎందుకు పోయిందన్న సమాచారం రవ్వంత కూడా లేదు. తీగ తెగిందని మాత్రమే అది చెబుతోంది. అసలు కారణం ఇంకో బఫర్‌లో ఉంటుంది. దాని పేరు ఇన్ఫీరియర్-లిస్ప్, పేరుకు అటూ ఇటూ చుక్కగుర్తులుంటాయి. కంట్రోల్-ఎక్స్ బీ కొట్టి దాంట్లోకి వెళ్లి, అట్టడుగు వరుస చదవండి.

(ఆదేశాల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు అవే మాటలు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, మధ్య గీతలు అలాగే ఉంచి కొట్టాలి. ఎస్‌బీసీఎల్, అంటే ఇక్కడ వాడే లిస్ప్ కంపైలర్, దాని ఆప్షన్లకు ముందు రెండు గీతలు తప్పనిసరి.)

కారణం అక్కడే ఎందుకు దొరుకుతుందో తెలిస్తే మిగతా విషయాలు సులువవుతాయి. స్లైమ్ రెండు ముక్కలు. ఒక ముక్క ఈమాక్స్ లోపల ఉంటుంది. రెండోది, స్వాంక్, లిస్ప్ ప్రాసెస్ లోపల ఉంటుంది. ఎం-ఎక్స్ స్లైమ్ అనగానే ఈమాక్స్ ముందుగా ఎస్‌బీసీఎల్‌ను పిల్ల ప్రాసెస్‌గా లేపుతుంది. స్వాంక్‌ను లోడ్ చేయిస్తుంది. స్వాంక్ ఒక టీసీపీ పోర్టు తెరిచి, ఆ నంబరును ఒక తాత్కాలిక ఫైల్లో రాస్తుంది. ఈమాక్స్ దాన్ని చదువుకుని కనెక్ట్ అవుతుంది. ఆ తర్వాత రెపల్‌లో మీరు చూసేదంతా ఆ సాకెట్ గుండా వచ్చేదే. ప్రతి సందేశానికీ ముందు ఆరు హెక్స్ అంకెల్లో పొడవు, వెనక ఒక ఎస్-ఎక్స్‌ప్రెషన్. అంటే లిస్ప్ నుంచి ఈమాక్స్‌కు రెండు దారులున్నాయి: సాకెట్ దారి రెపల్‌కు, మామూలు అవుట్‌పుట్ దారి ఇన్ఫీరియర్-లిస్ప్ బఫర్‌కు. లిస్ప్ చనిపోయేటప్పుడు స్వాంక్ కూడా దాంతోపాటే పోతుంది కాబట్టి, సాకెట్‌లో ఆఖరి మాట చెప్పడానికి ఎవరూ మిగలరు. ఆ మాటను ఎస్‌బీసీఎల్ కింద ఉండే సీ రన్‌టైమ్ నేరుగా రెండో దారిలో రాసేస్తుంది.

ఆ ఆఖరి వరుస ఇలా ఉండొచ్చు. "ప్రాసెస్ ఇన్ఫీరియర్-లిస్ప్ ఫినిష్డ్" అని ఉంటే అది క్రాష్ కానే కాదు. మీ కోడే వెళ్లిపొమ్మంది. ఎగ్జిక్యూటబుల్ తయారు చేయడానికి మెయిన్ ఫంక్షన్ చివర యుయోప్ క్విట్ (లిస్ప్‌ను ముగించే పిలుపు) పెట్టి, అదే మెయిన్‌ను రెపల్‌లో పిలిస్తే జరిగేది ఇదే. "ఎగ్జిటెడ్ అబ్నార్మల్లీ విత్ కోడ్ 1" అని ఉంటే పై నాలుగు వరుసల్లో అసలు తప్పు రాసి ఉంటుంది. "కిల్డ్" అని మాత్రమే ఉంటే లిస్ప్‌ను బయటివాళ్లు చంపారు. లైనక్స్‌లో అయితే మెమరీ చాలక కెర్నలే చంపి ఉంటుంది. జర్నల్‌సీటీఎల్‌ను -కే ఆప్షన్‌తో నడిపితే "అవుట్ ఆఫ్ మెమరీ" అన్న వరుసా, పక్కనే ఎస్‌బీసీఎల్ ప్రాసెస్ నంబరూ కనిపిస్తాయి.

ఇక ఎక్కువమందిని తికమకపెట్టేది ఇంకోటుంది. కనెక్షన్ తెగదు, ఎర్రర్ రాదు, రెపల్ మాత్రం బిగుసుకుపోతుంది. కంట్రోల్-జీ కొట్టినా ఫలితం ఉండదు. ఈమాక్స్ హ్యాంగ్ అయిందనుకుని దాన్నే చంపేస్తారు. ఇన్ఫీరియర్-లిస్ప్ బఫర్లో చూస్తే "ఎల్‌డీబీ>" అని ఒక ప్రాంప్ట్ మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కోలుకోలేని తప్పు జరిగినప్పుడు ఎస్‌బీసీఎల్ దిగిపోయే కిందిస్థాయి మానిటర్ అది. అక్కడే బ్యాక్‌ట్రేస్ అని కొడితే ఏ ఫంక్షన్‌లో ఉండగా పడిందో చెబుతుంది. క్విట్ అంటే బయటికొస్తుంది. ఆ బ్యాక్‌ట్రేస్ కాపీ చేసి పెట్టుకోండి, తర్వాత మళ్లీ దొరకదు. ఈ మానిటర్ అక్కర్లేదనుకుంటే ఎస్‌బీసీఎల్‌ను డిజేబుల్-ఎల్‌డీబీ, లూజ్-ఆన్-కరప్షన్ అనే రెండు ఆప్షన్లతో మొదలుపెట్టండి. అప్పుడు వేలాడకుండా వెంటనే పోతుంది. ఎడిటర్ లోపల పనిచేసేవాళ్లకు ఇదే మేలని నా అభిప్రాయం. బిగుసుకుపోయిన లిస్ప్ కన్నా చనిపోయిన లిస్ప్‌తో పని సులువు.

టెర్మినల్‌లో నడిచేది ఎడిటర్‌లో ఎందుకు చస్తుంది

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. అదే ఫైలు, అదే డేటా. స్క్రిప్టుగా నడిపితే పూర్తవుతుంది. స్లైమ్‌లో మూడో నాలుగో సారికి "హీప్ ఎగ్జాస్టెడ్" అని, అంటే డేటాకు కేటాయించిన మెమరీ అయిపోయిందని, పడిపోతుంది. స్లైమ్‌లో లోపం ఉందని తేల్చేస్తారు, కానీ ఉండేది వాడకంలో.

ముందు లెక్క చూద్దాం. 64 బిట్ ఎస్‌బీసీఎల్‌లో ఒక కాన్స్ (లిస్టులో ఒక గడి) 16 బైట్లు. కోటి చిన్న పూర్ణాంకాల లిస్టంటే 16 కోట్ల బైట్లు, సుమారు 160 ఎంబీ. అవే డబుల్-ఫ్లోట్లయితే ఒక్కోదానికి మరో 16 బైట్ల పెట్టె కావాలి కాబట్టి 320 ఎంబీ. అదే డేటాను డబుల్-ఫ్లోట్ టైపు అని చెప్పి అర్రేగా చేస్తే 80 ఎంబీతో సరి. స్ట్రింగుల్లో అక్షరానికి 4 బైట్లు. 500 ఎంబీల ఇంగ్లీషు లాగ్ ఫైలును ఒకే స్ట్రింగ్‌లోకి చదివితే అది 2 జీబీ అవుతుంది. పైగా గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని వెనక్కి తీసుకునే భాగం) బతికున్న వస్తువులను ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసుకుంటూ పోతుంది. అందుకే హీప్ సగం దాటి నిండాక, కలెక్షన్ మధ్యలోనే చోటు చాలకపోయే ప్రమాదం ఉంటుంది.

ఇప్పుడు రెపల్ సంగతి. రెపల్ మీ చివరి మూడు ఫలితాలను ఒక చుక్కగుర్తు, రెండు, మూడు అనే వేరియబుల్స్‌లో పట్టుకుని ఉంటుంది. 320 ఎంబీల లిస్టును తిరిగిచ్చే ఫంక్షన్‌ను మూడుసార్లు పిలిస్తే, మీరు ఏ వేరియబుల్‌లో దాచకపోయినా, దాదాపు ఒక జీబీ కదలకుండా కూర్చుంటుంది. స్క్రిప్టులో ఈ గొడవ ఉండదు.

రెండోది తెరిచి వదిలేసిన డీబగ్గర్లు. ఎర్రర్ వచ్చినప్పుడు తెరుచుకునే ఎస్‌ఎల్‌డీబీ బఫర్‌ను మూయకుండా పక్కకు నెట్టి వేరే పనిలో పడితే, ఆ థ్రెడ్ అక్కడే ఆగి ఉంటుంది. దాని స్టాక్‌లో ఉన్న ప్రతి వేరియబుల్, అది చూపిస్తున్న డేటా అంతా బతికే ఉంటుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా పనిచేశాక ఒకసారి బఫర్ల జాబితా తెరిచి ఎస్‌ఎల్‌డీబీ పేరుతో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కోదాంట్లోకి వెళ్లి క్యూ కొట్టి మూయాలి. కంట్రోల్-సీ కంట్రోల్-ఎక్స్ టీ కొడితే థ్రెడ్ల పట్టిక కూడా కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్‌కూ ఇదే నియమం. దాని బఫర్‌ను ఈమాక్స్ పద్ధతిలో చంపితే లిస్ప్ వైపు చరిత్ర అలాగే మిగులుతుంది. క్యూ కొట్టి బయటికొస్తేనే వదులుతుంది.

శుభ్రం చేసే వరుస ఇది: డీబగ్గర్లు, ఇన్‌స్పెక్టర్ మూసేయండి. రెపల్‌లో మూడుసార్లు నిల్ అని ఎంటర్ కొట్టండి, పాత ఫలితాలు జారిపోతాయి. తర్వాత ఎస్‌బీ-ఎక్స్‌ట్ ప్యాకేజీలోని జీసీ ఫంక్షన్‌ను ఫుల్ టీ అని పిలవండి. ఆఖరున (రూమ్) కొట్టి డైనమిక్ స్పేస్ వాడకం చూడండి. అప్పటికీ తగ్గకపోతే మీ గ్లోబల్ వేరియబుల్సో, క్యాష్‌గా వాడుతున్న హ్యాష్ టేబులో పట్టుకుని ఉన్నట్టు. పెద్ద డేటా తిరిగిచ్చే పిలుపులను రెపల్‌లో చేసేటప్పుడు చివర నిల్ పెట్టి ప్రోగ్న్‌లో చుట్టడం మంచి అలవాటు.

హీప్ నిండినప్పుడు వచ్చే సందేశాలు రెండు రకాలు, వాటి మధ్య తేడా గుర్తించాలి. "డ్యూరింగ్ అలొకేషన్" అని ఉంటే సాధారణంగా అది మామూలు లిస్ప్ కండిషన్‌గానే మీ దగ్గరికొస్తుంది. డీబగ్గర్ తెరుచుకుంటుంది, క్యూ కొట్టి బయటపడొచ్చు. "డ్యూరింగ్ గార్బేజ్ కలెక్షన్" అని ఉంటే కోలుకోవడం లేదు, నేరుగా ఎల్‌డీబీలోకో చావులోకో వెళుతుంది.

హీప్ పెంచడం సులువే కానీ ఎంతకని ముందు చూసుకోవాలి. (ఎస్‌బీ-ఎక్స్‌ట్:డైనమిక్-స్పేస్-సైజ్) కొడితే ఇప్పుడున్న హద్దు బైట్లలో వస్తుంది. 8589934592 అని వస్తే 8 జీబీ. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ర్యామే 8 జీబీ అయితే ఇది మంచిది కాదు. లిస్ప్ తన హద్దుకు చేరకముందే కెర్నల్ వచ్చి చంపేస్తుంది. చక్కటి ఎర్రర్‌తో ఆగాల్సింది "కిల్డ్" అన్న ఒక్క మాటతో పోతుంది. 8 జీబీ ర్యామ్, పక్కన బ్రౌజర్ ఉన్న మెషీన్‌లో నేను 3 జీబీ, మహా అయితే 4 జీబీ పెట్టమంటాను. 

ఈమాక్స్‌లో స్లైమ్-లిస్ప్-ఇంప్లిమెంటేషన్స్ అనే వేరియబుల్‌లో ఎస్‌బీసీఎల్ పేరు పక్కన డైనమిక్-స్పేస్-సైజ్, 4జీబీ, కంట్రోల్-స్టాక్-సైజ్, 16ఎంబీ అని నాలుగు వేర్వేరు స్ట్రింగులుగా రాయాలి. ఆప్షన్‌నూ విలువనూ ఒకే కొటేషన్ల మధ్య పెడితే ఎస్‌బీసీఎల్ గుర్తుపట్టదు. ఇవన్నీ రన్‌టైమ్ ఆప్షన్లు కాబట్టి ఎవాల్, లోడ్, నో-యూజరినిట్ లాంటి టాప్‌లెవల్ ఆప్షన్లకు ముందే రావాలి. మొదటి టాప్‌లెవల్ ఆప్షన్ కనబడగానే రన్‌టైమ్ తన వంతు ముగిసిందనుకుంటుంది. మార్పు అమలైందో లేదో మళ్లీ డైనమిక్-స్పేస్-సైజ్ అడిగే తేల్చుకోండి. సెట్టింగ్ ఫైల్లో రాసినంత మాత్రాన నమ్మకండి.

స్టాక్

ఎస్‌బీసీఎల్ ఒక్కో థ్రెడ్‌కు ఇచ్చే కంట్రోల్ స్టాక్ (నడుస్తున్న ఫంక్షన్ పిలుపులను దాచే చోటు) మామూలుగా 2 ఎంబీలే. అది చాలకపోతే "కంట్రోల్ స్టాక్ ఎగ్జాస్టెడ్" అని డీబగ్గర్ తెరుచుకుంటుంది. అదే సమయంలో ఇన్ఫీరియర్-లిస్ప్‌లో గార్డ్ పేజీ (స్టాక్ చివర కాపలా ఉండే మెమరీ ముక్క) రక్షణ తీసేసినట్టు ఒక వరుస పడుతుంది. క్యూ కొట్టి పైకొస్తే ఆ రక్షణ తిరిగి పెట్టినట్టు ఇంకో వరుస కనిపిస్తుంది. రెండో వరుస రాకముందే, అంటే డీబగ్గర్ అలాగే తెరిచి ఉంచి, అందులోనే మళ్లీ లోతైన రికర్షన్ నడిపితే ఈసారి అడ్డుకునే గోడ ఉండదు. ప్రాసెస్సే పోతుంది.

ఎడిటర్‌లోనే ఈ తప్పు కనిపించడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఇది చూడండి:

(డీఫన్ దిగు (ఎన్) (ఇఫ్ (జీరోపీ ఎన్) 0 (దిగు (1- ఎన్))))

ఇది టెయిల్ కాల్, అంటే ఫంక్షన్ చేసే ఆఖరి పనే ఇంకో పిలుపు. మామూలు సెట్టింగులతో కంపైల్ చేస్తే (దిగు 10000000) ఇబ్బంది లేకుండా 0 ఇస్తుంది. ఎందుకంటే ఎస్‌బీసీఎల్ దాన్ని లూప్‌గా మార్చేస్తుంది. కానీ కంపైలర్ పాలసీలో డీబగ్ విలువ 2 దాటితే, ఫ్రేములన్నీ డీబగ్గర్‌లో కనబడాలని ఆ మార్పు మానేస్తుంది. అప్పుడు కోటి ఫ్రేములు కావాలి, ఫ్రేముకు 16 బైట్లే అనుకున్నా 160 ఎంబీ. 2 ఎంబీల స్టాక్ ఎక్కడ చాలుతుంది? స్లైమ్ వాడేవాళ్లు బ్యాక్‌ట్రేస్ బాగా కనబడాలని ఎస్‌బీసీఎల్‌ఆర్‌సీ ఫైల్లో రిస్ట్రిక్ట్-కంపైలర్-పాలసీ డీబగ్ 3 అని రాసుకుంటారు. ఏడాది తర్వాత అది ఉన్న సంగతే మరిచిపోతారు. రిస్ట్రిక్ట్-కంపైలర్-పాలసీనే ఆర్గ్యుమెంట్లు లేకుండా పిలిస్తే ఏ హద్దులున్నాయో చూపిస్తుంది. డిస్క్రైబ్-కంపైలర్-పాలసీ పిలిస్తే మొత్తం పట్టిక వస్తుంది. స్టాక్ పెంచే ముందు ఈ రెండూ చూడండి.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో చేసే తప్పు సేఫ్టీ 0. వేగం కోసం ఫైలు పైన స్పీడ్ 3, సేఫ్టీ 0 అని డిక్లెయిమ్ చేసి, అర్రే హద్దు ఒక్కటి దాటితే చాలు, పక్కనున్న వస్తువు పాడవుతుంది. క్రాష్ అక్కడ రాదు. పది నిమిషాల తర్వాత గార్బేజ్ కలెక్టర్ ఆ చోటు దాటేటప్పుడు "కరప్షన్ వార్నింగ్" అనో "అన్‌హ్యాండిల్డ్ మెమరీ ఫాల్ట్" అనో వస్తుంది. చూపించే ఫంక్షన్‌కూ తప్పుకూ సంబంధమే ఉండదు. ఇలాంటి సందేశం వచ్చిందంటే ముందు ప్రాజెక్టంతా సేఫ్టీ 0 కోసం వెతికి, సేఫ్టీ 3 చేసి, మొదటి నుంచి కంపైల్ చేయండి. పాత తప్పు ఇప్పుడు అసలు చోటులోనే మామూలు ఎర్రర్‌గా దొరుకుతుంది. ఇన్నర్ లూప్ ఉన్న ఒక్క చిన్న ఫంక్షన్‌కు తప్ప సేఫ్టీ 0 ఎక్కడా పెట్టకూడదు. ఫైలంతటికీ అసలే వద్దు.

అసలు మొదలవకపోతే

ఇవి త్వరగా చెప్పేస్తాను. "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ, ఎస్‌బీసీఎల్" అంటే ఈమాక్స్‌కు దారి తెలియలేదు. మ్యాక్‌లో ఐకాన్ నొక్కి తెరిచిన ఈమాక్స్‌కు మీ షెల్‌లోని పాత్ అందదు. పూర్తి చిరునామా ఇవ్వండి. హోమ్‌బ్రూ వాడితే యాపిల్ సిలికాన్‌లో /ఆప్ట్/హోమ్‌బ్రూ/బిన్ కింద, ఇంటెల్ మ్యాక్‌లో /యూఎస్‌ఆర్/లోకల్/బిన్ కింద ఉంటుంది.

"వెర్షన్స్ డిఫర్" అని అడిగితే స్లైమ్ మీ దగ్గర రెండు ఉన్నాయి. ఈమాక్స్ ప్యాకేజీల భండారం మెల్పా నుంచి ఒకటి, లిస్ప్ లైబ్రరీలు తెచ్చిపెట్టే క్విక్‌లిస్ప్‌లోని స్లైమ్-హెల్పర్ నుంచి ఇంకోటి. ఈమాక్స్ ముక్క ఒకదాని నుంచి, స్వాంక్ ముక్క రెండోదాని నుంచి వస్తున్నాయి. అవునని చెప్పి ముందుకెళితే కాసేపు పనిచేస్తుంది, తర్వాత వింత ఎర్రర్లు మొదలవుతాయి. ఒకటి తీసేయండి.

ఎస్‌బీసీఎల్ కొత్త వెర్షన్ వేశాక "ఇన్వాలిడ్ ఫాస్ల్" (ఫాస్ల్ అంటే కంపైలైన లిస్ప్ ఫైలు) లాంటి మాటలు వస్తే, హోమ్ డైరెక్టరీలోని .స్లైమ్ కింద ఉన్న ఫాస్ల్ ఫోల్డరు, .క్యాష్ కింద ఉన్న కామన్-లిస్ప్ ఫోల్డరు రెండూ చెరిపేయండి. రెండూ తిరిగి వాటంతటవే తయారవుతాయి, పోయేదేమీ లేదు. ఇవేవీ కాకపోతే టెర్మినల్‌లో ఎస్‌బీసీఎల్‌ను నో-సిసినిట్, నో-యూజరినిట్ ఆప్షన్లతో నడపండి. అలా లేస్తే తప్పు మీ ఇనిట్ ఫైల్లో ఉంది.

మెమరీకి యూలిమిట్ (షెల్ విధించే హద్దు) పెట్టిన షేర్డ్ సర్వర్లలో ఇంకో రకం ఉంది. ఎస్‌బీసీఎల్ తన హీప్ అంతటికీ అడ్రస్ స్పేస్‌ను మొదట్లోనే కేటాయించుకుంటుంది. యూలిమిట్ -వీ హద్దు దానికన్నా తక్కువైతే ఒక్క వరుస కోడ్ నడవకముందే పడిపోతుంది. అక్కడ హీప్ తగ్గించడమే మందు.

సీ లైబ్రరీలు, గ్రాఫిక్స్

ఎస్‌బీసీఎల్ ఫ్లోటింగ్ పాయింట్ ట్రాపులు తెరిచి ఉంచుతుంది. సున్నాతో భాగించినా, విలువ హద్దు దాటినా ఎర్రర్ ఇస్తుంది. చాలా సీ లైబ్రరీలు, ముఖ్యంగా ఓపెన్‌జీఎల్ లాంటివి, ఇవి మూసి ఉంటాయన్న నమ్మకంతో రాసినవి. అందుకే సీలో ఏ ఇబ్బందీ లేని పిలుపు లిస్ప్ నుంచి చేస్తే "ఫ్లోటింగ్-పాయింట్-ఇన్వాలిడ్-ఆపరేషన్" అని పడుతుంది. ఆ పిలుపును ఎస్‌బీ-ఇంట్ ప్యాకేజీలోని విత్-ఫ్లోట్-ట్రాప్స్-మాస్క్‌డ్‌లో చుట్టండి.

మ్యాక్‌లో విండో తెరిచే కోడ్ మెయిన్ థ్రెడ్‌లోనే నడవాలని ఆపరేటింగ్ సిస్టమ్ పట్టుబడుతుంది. రెపల్‌లో మీరు రాసేది స్వాంక్ పుట్టించిన వేరే థ్రెడ్‌లో నడుస్తుంది. అందుకే టెర్మినల్‌లో తెరుచుకునే విండో స్లైమ్‌లో లిస్ప్‌ను కూల్చేస్తుంది. ట్రివియల్-మెయిన్-థ్రెడ్ లైబ్రరీ దీనికోసమే ఉంది.

తెలుగు స్ట్రింగు ఒక పరీక్ష

పాత ఎస్‌బీసీఎల్ వాడాల్సి వస్తే, మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఫైల్లో ఇలా రాసి కంపైల్ చేయండి: (లెంగ్త్ "తెలుగు"). 6 రావాలి. త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం: ఆరు కోడ్ పాయింట్లు. 18 వస్తే లిస్ప్ ఆ ఫైలును లాటిన్-1 అనుకుని చదువుతోంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్‌కు 3 బైట్లు కదా, ఆ బైట్లనే అక్షరాలుగా లెక్కపెట్టింది.

ఇందులో ఒక మెలిక ఉంది. కంట్రోల్-సీ కంట్రోల్-సీ కొడితే కోడ్ సాకెట్ గుండా స్ట్రింగుగా వెళుతుంది. కంట్రోల్-సీ కంట్రోల్-కే కొడితే ఫైలును లిస్ప్ డిస్కు నుంచి తానే చదువుతుంది. రెండు దారుల ఎన్‌కోడింగులు వేరు కాబట్టి మొదటి పద్ధతిలో 6, రెండో పద్ధతిలో 18 రావొచ్చు. ఇనిట్ ఫైల్లో డిఫాల్ట్-ఎక్స్‌టర్నల్-ఫార్మాట్‌ను యూటీఎఫ్-8కు సెట్ చేస్తే రెండోది సర్దుకుంటుంది. పాత స్లైమ్ అయితే ఈమాక్స్ వైపు స్లైమ్-నెట్-కోడింగ్-సిస్టమ్‌ను యూటీఎఫ్-8-యూనిక్స్ చేయాలి. లేకపోతే రెపల్‌లో ఒక్క తెలుగు అక్షరం కొట్టినా గొడవే. ఇవి సరిగా ఉంటే పైన రాసిన "దిగు" అనే ఫంక్షన్ పేరును కూడా ఎస్‌బీసీఎల్ అలాగే తెలుగులో తీసుకుంటుంది.

ఫలితం ప్రింటు చేయడంలోనే ఈమాక్స్ ఉక్కిరిబిక్కిరైతే తప్పు లిస్ప్‌ది కాదు. కోటి అంకెల లిస్టును ప్రింటు చేస్తే కొన్ని కోట్ల అక్షరాలు బఫర్లోకి వచ్చిపడతాయి. ప్రింట్-లెంగ్త్‌ను 100 చేసి, ప్రింట్-సర్కిల్‌ను టీ చేసి ఉంచండి. ఈ రెండూ లేకుండా తనలోకి తానే తిరిగే లిస్టును ప్రింటు చేస్తే ఆ ప్రింటుకు అంతే ఉండదు.

విడదీసి నడపడం

ఇన్ని చూసినా కారణం తేలకపోతే, అసలు తేలినా సరే, లిస్ప్‌ను ఈమాక్స్ కడుపులోంచి బయటికి తీయండి. టీమక్స్‌లో (ఈమాక్స్‌తో సంబంధం లేకుండా నడుస్తూ ఉండే టెర్మినల్) ఒక విండో తెరిచి ఎస్‌బీసీఎల్‌ను మీకు కావాల్సిన హీప్‌తో లేపండి. అందులో క్విక్‌లిస్ప్‌తో స్వాంక్‌ను లోడ్ చేసి, (స్వాంక్:క్రియేట్-సర్వర్ :పోర్ట్ 4005 :డోంట్-క్లోజ్ టీ) కొట్టండి. ఈమాక్స్‌లో ఎం-ఎక్స్ స్లైమ్-కనెక్ట్, 127.0.0.1, 4005. డోంట్-క్లోజ్ టీ మరిచిపోతే ఒక్క కనెక్షన్‌తోనే సర్వర్ తలుపు మూసేస్తుంది, మళ్లీ కలవడం కుదరదు.

ఇప్పుడు ఈమాక్స్ పోయినా లిస్ప్ బతికే ఉంటుంది, లోడ్ చేసిన డేటా అలాగే ఉంటుంది, మళ్లీ స్లైమ్-కనెక్ట్ చేస్తే చాలు. లిస్ప్ పోతే దాని ఆఖరి మాటలు టీమక్స్ తెర మీద నిలిచే ఉంటాయి. ఇద్దరూ బతికే ఉండి మాటలు మాత్రం తెగితే ఈమాక్స్‌లో స్లైమ్-ఈవెంట్స్ బఫర్ తెరిచి చివరి సందేశం చూడండి. ఏ పిలుపుకు జవాబు రాలేదో అక్కడ ఉంటుంది. వేరే మెషీన్‌లో నడుపుతుంటే 4005 పోర్టును నెట్‌వర్క్‌కు తెరవకండి. స్వాంక్ మామూలుగా పాస్‌వర్డ్ అడగదు, కనెక్టయిన ఎవరైనా మీ పేరుతో ఏ కోడైనా నడపగలరు. ఎస్‌ఎస్‌హెచ్‌లో -ఎల్ 4005:లోకల్‌హోస్ట్:4005 అని (ఈ ఎల్ మాత్రం పెద్దక్షరం) సొరంగం వేసి, ఇటువైపు నుంచి మామూలుగానే 127.0.0.1కి కనెక్ట్ అవ్వండి.